ఆరు లక్షల్లో మంచి సెడాన్: కొనేముందు బండి గతం చదవండి

విజయవాడలో మోటారు ఇన్సూరెన్స్ సర్వేయరుగా పని చేస్తాను. యాక్సిడెంట్ అయిన బండి షెడ్డుకు చేరాక, ఏది విరిగింది, ఏది వంగింది, బాగు చేయడానికి ఎంతవుతుంది అని చూసి ఇన్సూరెన్స్ కంపెనీకి రిపోర్టు ఇవ్వడం నా వృత్తి. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే 'టోటల్ లాస్' అని రాస్తాం. అలా రాసిన బండ్లు అన్నీ తుక్కు కిందకే పోవు. కొన్ని వేలంలో అమ్ముడుపోయి, ఏదో ఊళ్లో టింకరింగ్ చేయించుకుని, కొత్త పెయింటుతో మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. 'సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి' అంటే నమ్మి ఎవరో కొనుక్కుంటారు, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతారు. నాకు భయం వేసేది అక్కడే.

ఈమధ్య గుంటూరులో ఉండే మా మేనకోడలు ఫోన్ చేసి, "మావయ్యా, ఆరు లక్షలు దాచాం, ఒక మంచి సెడాన్ చూసిపెట్టు" అంది. ఇంట్లో నలుగురు. అత్తగారిల్లు హైదరాబాద్‌లో, నెలకోసారైనా వెళ్లి రావాలి. అల్లుడు గారు ఒక లిస్టు పంపాడు: సన్‌రూఫ్ ఉండాలి, పెద్ద టచ్‌స్క్రీన్ ఉండాలి, నలభై వేల కిలోమీటర్లలోపే తిరిగి ఉండాలి. సెకండ్ హ్యాండ్ బండి విషయంలో ఈ మూడూ చివర్లో అడగాల్సినవి. మొదట అడగాల్సింది ఒక్కటే, ఈ బండికి ఇంతకుముందు ఏం జరిగింది? ఎనభై వేలు తిరిగినా దెబ్బ తగలని, నీళ్లలో మునగని, వేళకు ఆయిల్ మార్చిన బండి, ముప్పై వేలు తిరిగి ఒకసారి ముందుభాగం నుజ్జయిన బండికన్నా ఎన్నో రెట్లు నయం. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

డబ్బు ముందే విడదీసుకోండి

చేతిలో ఆరు లక్షలుంటే బండికి ఐదు లక్షల ఇరవై వేలకు మించి పెట్టకండి. మిగతా ఎనభై వేలు మొదటి నెలలోనే అయిపోతాయి. నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే పాతిక వేల దాకా పోతుంది. బ్యాటరీ, ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, కూలెంట్, అవసరమైతే క్లచ్. పైన ఇన్సూరెన్స్, పేరు మార్పు ఫీజులు. మొత్తం ఆరు లక్షలూ బండికే పెట్టేసినవాళ్లు చేసే పొదుపు అరిగిన టైర్ల మీద, పాత బ్రేకుల మీద ఉంటుంది. పొదుపు చేయకూడనివి సరిగ్గా అవే.

టైరు వయసు దాని పక్కన రాసే ఉంటుంది. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, ఆరేళ్లు దాటిన టైరుతో మన ఎండల్లో హైవే మీద వంద స్పీడులో వెళ్లడం నాకు నచ్చదు. కొత్త టైర్ల ధర బేరంలోనే తగ్గించమనండి.

ఏ సంవత్సరం, ఏ మోడల్

మన దేశంలో భద్రత నిబంధనలు దశలవారీగా వచ్చాయి. కొత్తగా తయారయ్యే కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, రివర్స్ సెన్సర్ అదే ఏడాది జులై నుంచి తప్పనిసరి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ 2021 చివరికి గానీ అన్ని మోడళ్లకూ రాలేదు. అందుకని 2018 నాటి బండి చూస్తున్నప్పుడు 'ఈ మోడల్లో రెండు బ్యాగులు ఉంటాయి' అనుకుని ఊరుకోకుండా, ఆ వేరియంట్‌లో ఉన్నాయో లేదో స్టీరింగ్ మీదా డాష్‌బోర్డు మీదా ఎయిర్‌బ్యాగ్ ఉందని చెప్పే ఎస్ఆర్ఎస్ గుర్తు చూసుకోండి. చిన్న పిల్లలుంటే వెనక సీటు, వీపు ఆనే దిండు కలిసే సందులో వేళ్లు పెట్టి తడమండి. చైల్డ్ సీటు తగిలించే ఇనుప కొక్కీలు, అంటే ఐసోఫిక్స్, చేతికి తగలాలి.

ఈ బడ్జెట్లో మిడ్‌సైజ్ సెడాన్లంటే నేను చూడమనేవి ముఖ్యంగా మూడు. 2014లో వచ్చిన తరం హోండా సిటీ పెట్రోల్, మారుతి సియాజ్ పెట్రోల్, టయోటా యారిస్. సిటీ ఇంజిన్ గట్టిది, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఆ తరం బండికి పెద్దల భద్రతలో 4 స్టార్లు వచ్చాయి. సియాజ్‌కు స్పేర్లు చవక, సూర్యాపేటలో ఆగిపోయినా కోదాడలో ఆగిపోయినా పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. యారిస్ మన దగ్గర 2018 నుంచి 2021 దాకానే అమ్మారు, జనం పెద్దగా పట్టించుకోలేదు. కానీ వచ్చినప్పుడు కింది వేరియంట్ నుంచీ ఏడు ఎయిర్‌బ్యాగులతో వచ్చింది. తర్వాత తెచ్చిన చవక వేరియంట్లో మూడే ఉన్నాయి, అది గమనించుకోండి. ఆరు లక్షల్లో ఏడు బ్యాగుల టయోటా కనిపిస్తే, లోపల ప్లాస్టిక్ కాస్త సాదాగా ఉందని వదులుకోవద్దని మా వాళ్లకు గట్టిగా చెప్పాను.

వెర్నా కూడా మంచి బండే, 2017లో వచ్చిన తరం నుంచి చూడండి. వెంటో, ర్యాపిడ్ బాడీ దిట్టంగా ఉంటాయి, హైవే మీద కుదురుగా పోతాయి. అయితే వాటిలో ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఉన్న పాత బండ్లకు దూరంగా ఉండండి. గేర్లు మార్చే దాని మెకాట్రానిక్ యూనిట్ పోతే వచ్చే బిల్లు ఈ బడ్జెట్ మోయలేదు. అదే బండి మాన్యువల్ గేర్లతో దొరికితే ఆలోచించవచ్చు. సిటీలో, యారిస్‌లో సీవీటీ, అంటే వాటి ఆటోమేటిక్, తీసుకుంటే సీవీటీ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. 'అది మార్చక్కర్లేదండీ' అన్నారంటే ఎప్పుడూ మార్చలేదని అర్థం.

హోండా సిటీ అయితే ఇంకొకటి. పాత సిటీల్లో కొన్నిటికి టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్, కొన్నిటికి ఫ్యూయల్ పంపు రీకాల్ వచ్చాయి, అంటే లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచింది. చాసిస్ నంబరును హోండా వెబ్‌సైట్లో కొడితే ఆ బండికి పని పెండింగ్ ఉందో లేదో చెబుతుంది. ఉంటే షోరూములో డబ్బు తీసుకోకుండా మారుస్తారు. ఆ టకాటా బ్యాగు లోపం మామూలుది కాదు, పేలినప్పుడు బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ ముక్కలు మనిషికే గుచ్చుకుంటాయి.

నెలకు వెయ్యి, పన్నెండొందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిల్ అక్కర్లేదు. మరీ చవగ్గా కనిపించే డీజిల్ సెడాన్లలో చాలా ఢిల్లీ నుంచి దిగినవి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో అటు నుంచి ఇటు వచ్చాయి. కొన్నాక అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్, మళ్లీ రిజిస్ట్రేషన్, ఇవన్నీ కలిపితే చవక చవకగా మిగలదు. తెలంగాణ బండిని ఆంధ్రకు మార్చుకున్నా, ఇటు నుంచి అటు తీసుకెళ్లినా ఇదే లెక్క వేసుకోండి.

బండి చూడకముందే పాలసీ చూడండి

ఇది మా వృత్తిలో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ పెద్దగా తట్టదు. అమ్మేవాళ్లను ముందుగా ఆర్‌సీతో పాటు ప్రస్తుతం నడుస్తున్న ఇన్సూరెన్స్ పాలసీ కాపీ వాట్సాప్‌లో పెట్టమనండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. ఏడేళ్ల నుంచి ఒకే ఓనరు దగ్గరున్న బండికి 50 శాతం ఉంటే అది మంచి లక్షణం. అదే బండికి సున్నా ఉంటే పోయిన ఏడాది క్లెయిమ్ అయినట్టు, లేదా మధ్యలో పాలసీ రెన్యువల్ చేయకుండా వదిలేసినట్టు. ఏ క్లెయిమ్, ఎంతకు, ఏ షెడ్డులో అని అడగండి. బంపరు గీసుకున్నందుకు చేసిన చిన్న క్లెయిమ్ అయితే బిల్లు చూపించడానికి ఎవరూ వెనకాడరు.

ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. ఓనరు తన పాత కారు బోనస్‌ను దీనికి తెచ్చుకుని ఉండొచ్చు, బోనస్ కాపాడే యాడ్-ఆన్ (అదనపు కవరు) కట్టి ఉండొచ్చు. కాబట్టి 50 చూసి నిశ్చింతగా ఉండకండి, సున్నా చూస్తే మాత్రం ఆరా తీయండి. పాలసీలో రాసిన బీమా విలువ, అంటే ఐడీవీ, బేరానికి కూడా పనికొస్తుంది.

ఆర్‌సీలో ఓనరు ఎన్నోవాడు, తయారైన నెల ఏది, ఫైనాన్స్ ఉందా అని చూడండి. తయారీకీ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఏడాది తేడా ఉంటే అది యార్డులో ఎండకు ఎండిన బండి. బండి ఒకప్పుడు ఎల్లో బోర్డు మీద తిరిగి వైట్ బోర్డుకు మారిందేమో రవాణా శాఖ రికార్డులో తెలుస్తుంది. చలాన్లు పోలీసుల ఈ-చలాన్ సైట్లో చూడండి. ఓవర్ స్పీడు చలాన్లు వరసగా ఉంటే డబ్బు సంగతి అలా ఉంచి, ఆ బండిని ఎలా నడిపారో అర్థమవుతుంది.

ఆఖర్న, ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్లి ఓనరు ఎదురుగానే సర్వీస్ హిస్టరీ తీయించండి. ప్రతి విజిట్‌కూ కిలోమీటర్లు నమోదై ఉంటాయి. 2021లో 68 వేలు ఉండి ఇప్పుడు మీటరు 52 వేలు చూపిస్తుంటే ఇక మాట్లాడేదేముంది, లేచి వచ్చేయండి.

దెబ్బ తగిలిందా

బండిని పగటి వెలుగులో, ఆరిన బండిగా చూడండి. అప్పుడే కడిగి తడిగా ఉన్న బండి మీద పెయింటు తేడా కనిపించదు.

బంపరు, డోరు, ముందు చక్రం పైన ఉండే ఫెండరు మారినా నాకు పెద్ద పట్టింపు లేదు. మన ట్రాఫిక్‌లో గీత పడని బండి ఉండదు. అవి బోల్టులు విప్పి మార్చేవి. నాకు కావాల్సింది వెల్డింగు చేసి బిగించిన భాగాల సంగతి. ముందు ఇంజిన్‌కు రెండు పక్కలా గోడల్లా ఉండే ఏప్రాన్లు, వాటి కింద ముందుకు చాచిన చాసిస్ లెగ్స్, డోర్ల మధ్య పిల్లర్లు, పైకప్పు, డిక్కీ నేల. గుద్దినప్పుడు ఆ శక్తిని మింగి మనిషి దాకా రానివ్వకుండా ఆపేవి ఇవే. క్రాష్ టెస్టులో నాలుగు స్టార్లు వచ్చింది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన బాడీకి. పిల్లర్ కోసి అతికించిన బండికి ఆ స్టార్లు వర్తించవు.

బానెట్ తెరిచి, ఫెండర్లు బిగించిన బోల్టుల తలలు చూడండి. పాన పడితే పెయింటు లేచి అంచులు మెరుస్తాయి. రెండు పక్కల ఏప్రాన్లను పోల్చండి. కంపెనీ వెల్డింగు సమానమైన దూరంలో గుండ్రటి చుక్కల్లా ఉంటుంది. షెడ్డులో చేసింది ఎగుడుదిగుడుగా, గ్రైండింగ్ గీతలతో ఉంటుంది. డోర్ల రబ్బరు బీడింగు చేత్తో లాగితే వచ్చేస్తుంది, దాని వెనక పిల్లరు మీద కూడా అవే చుక్కలు వరసగా కనబడాలి. డోరు, డిక్కీ అంచుల్లో పూసిన సీలెంటు ఒకే మందంలో సాగాలి.

అద్దాల మూలల్లో కంపెనీ పేరు, తయారీ సంవత్సరం గుర్తు ఉంటాయి. అన్నీ 2017 అయి ఒక్క ముందద్దం 2022 అయితే కారణం అడగండి. రాయి తగిలి మార్చి ఉండొచ్చు. హెడ్‌లైటు, రేడియేటరు కూడా అప్పుడే మారి ఉంటే అది రాయి కాదు.

పెయింటు మందం కొలిచే చిన్న మీటరు దొరికితే తీసుకెళ్లండి. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మళ్లీ వేస్తే రెండొందలు దాటుతుంది, కింద లప్పం పెట్టి ఉంటే ఇంకా ఎక్కడికో పోతుంది. ఫెండరు మీద 250 వస్తే ఫర్వాలేదు. పైకప్పు మీదో పిల్లరు మీదో 600 వస్తే ఆ బండి బోల్తా పడిందా అని అనుమానించండి.

ఎయిర్‌బ్యాగుల మీద శ్రద్ధ పెట్టండి. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే ఎస్ఆర్ఎస్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం, దాన్ని ఎవరో కావాలనే పీకేసి ఉండొచ్చు. బ్యాగులు పేలిన బండికి కొత్తవి వేయించే ఖర్చు ఎక్కువని, కవరు మాత్రం అతికించి లోపల ఖాళీగా వదిలేసేవాళ్లు ఉన్నారు. లైటు ఆరేలా రెసిస్టరు అనే చిన్న ముక్క పెట్టి కంప్యూటరును మోసం చేసిన పనులు కూడా మా సర్వేలో బయటపడుతుంటాయి. అందుకే స్కానర్ పెట్టి ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను, అంటే దాని కంప్యూటరును, చదివించండి. ఆటోనగర్లో మంచి స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ ఈ పని తక్కువ డబ్బులకే చేస్తాడు. సీటు బెల్టులు ఒక్కొక్కటీ గట్టిగా గుంజి చూడండి. సగంలో బిగుసుకుపోయి కదలనిది యాక్సిడెంట్‌లో పనిచేసి అయిపోయిన బెల్టు కావచ్చు.

నీళ్లలో మునిగిందా

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురంలో వీధులకు వీధులు మునిగాయి. డాష్‌బోర్డు దాకా బురద నిండిన కార్లు వరసగా సర్వే చేశాం. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015లోనూ 2023లోనూ చెన్నై. ఆ బండ్లలో ఎన్నో ఇప్పుడు ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి. ఓనరు పాత అడ్రసు, బండి ఎక్కడెక్కడ ఉందన్నది ఈ ఊళ్లతో, ఈ నెలలతో సరిచూసుకోండి.

మునిగిన బండి మొదట బాగానే నడుస్తుంది, మోసం అక్కడే ఉంది. వైరింగు కనెక్టర్లలో చేరిన తేమ నెమ్మదిగా పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో పవర్ స్టీరింగ్ లైటు వస్తుంది, ఏబీఎస్ లైటు వస్తుంది, ఒకరోజు రోడ్డు మధ్యలో బండి ఆగిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు చాలా కార్లలో గేరు లివరు కింద, నేలకు ఆనుకుని ఉంటుంది. నీళ్లు మొదట చేరేది అక్కడికే. అవసరమైనప్పుడు బ్యాగు తెరుచుకుంటుందన్న భరోసా ఇక ఉండదు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయిన బండిని ఎవరైనా స్టార్ట్ చేసి ఉంటే లోపల పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగితే నడుస్తూనే ఉంటుంది, ఆయిల్ తాగుతుంది, ఎప్పుడో ఇంజిన్ బ్లాకునే పగలగొడుతుంది.

ఏసీ బంద్ చేసి, అద్దాలు మూసి, ఐదు నిమిషాలు బండిలో కూర్చోండి. ముక్కిన వాసన వచ్చినా, అత్తరు షాపులా గుప్పున సెంటు వాసన వచ్చినా అనుమానించండి. నలుగురి సీటు బెల్టులూ చివరికంటా లాగండి. షాంపూ వేసి సీట్లు కడుగుతారు గానీ, లోపలికి చుట్టుకుని ఉండే బెల్టు చివర కడగాలని చాలామందికి తోచదు. అక్కడ బురద గీత అలాగే ఉండిపోతుంది. సీటు ముందుకు జరిపి పట్టాల బోల్టులు చూడండి, డోరు దగ్గర కార్పెట్ అంచు లేపి కింద స్పాంజి నొక్కండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. సెల్‌ఫోన్ లైటు వేసి స్టీరింగ్ కింద, డాష్‌బోర్డు లోపలి వైపు చూస్తే, మనిషి చెయ్యి దూరని ఇనుప పట్టీల మీద ఎండిన మట్టి పొర కనిపిస్తుంది. ఇలాంటి చోట్ల రెండు మూడు ఆధారాలు దొరికాక ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.

మా మేనకోడలు వాళ్లు మొదట ఇష్టపడిన సిటీ ఇలాగే పోయింది. తెల్ల బండి, అద్దంలా ఉంది, మీటరు తక్కువ. వెనక సీటు బెల్టు పూర్తిగా లాగితే చివరి జానెడు మట్టి రంగులో వచ్చింది. అమ్మకానికి పెట్టిన కుర్రాడు 'వర్షానికి అద్దం తెరిచి ఉండిపోయిందండీ' అన్నాడు. చివరికి తీసుకున్నది బూడిద రంగు యారిస్, ఏడు బ్యాగుల వేరియంట్. డోరు మీద సొట్ట ఉంది, డెబ్భై వేలు దాటి తిరిగింది, ప్రతి సర్వీసుకూ బిల్లుంది. సన్‌రూఫ్ లేదు.

నడిపి చూడడం

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంటు పోతోంది. ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లగా ఉంటే ఆయిల్లో కూలెంటు కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ సంగతి చూడాలి. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని నలభై స్పీడులో బ్రేకు గట్టిగా తొక్కండి. ఏబీఎస్ పనిచేస్తుంటే పాదం కింద టకటకమంటూ వణుకు రావాలి, బండి తిన్నగా ఆగాలి. ఒక పక్కకు లాగితే బ్రేకుల్లోనో చక్రాల అలైన్‌మెంట్‌లోనో తేడా ఉంది, లేదా చాసిస్ వంగింది. ఏసీని మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలబెట్టి చూడండి.

ఆ తర్వాత మీకు నమ్మకమున్న మెకానిక్‌తో లిఫ్టు మీద ఎత్తించి కింద చూపించండి. అమ్మేవాళ్ల మెకానిక్ కాదు, మీ మెకానిక్. లిఫ్టు ఎక్కించడానికి ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

డబ్బు ఇచ్చే రోజు

ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని చూపే ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు తీసుకోండి. కొన్నవాళ్లు ముప్పై రోజుల్లో ఆర్‌టీఏలో దరఖాస్తు చేయాలి. అమ్మేవాళ్లకూ ఇందులో లాభం ఉంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అది గుర్తు చేస్తే సంతకాలకు వెంటనే వస్తారు.

ఇన్సూరెన్స్‌ను పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదకు మార్పించండి. ఎదుటివాళ్లకు జరిగే నష్టం, అంటే థర్డ్ పార్టీ భాగం, బండితో పాటే మీకు వస్తుంది. మీ బండికి జరిగే నష్టం మాత్రం పాలసీ మీ పేరుకు మారితేనే ఇస్తారు. ఆర్‌సీ మారి పాలసీ మారని బండ్ల క్లెయిములు తిరస్కరించడం నేను చాలాసార్లు చూశాను, ఆ కుటుంబాల ముఖాలు చూడలేం. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, మిగిలిన నెలలకు ఆ తేడా కట్టాల్సి ఉంటుంది. మన ఊళ్లలో ఉండేవాళ్లు ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ కూడా రాయించుకోండి, అది లేని పాలసీలో నీళ్లు పోయి పాడైన ఇంజిన్‌కు డబ్బు రావడం కష్టం.

పాత ఓనరు ఫాస్టాగ్‌ను ఆయన చేతే మూయించి, మీ పేరున కొత్తది తీసుకున్నాకే హైదరాబాద్ దారిలోని చిల్లకల్లు టోల్ వైపు బయల్దేరండి.